ఇది వేరే పిల్ల

అక్కా,

రాసి మూడు వారాలైందని మూతి ముడుచుకోకు. ఇక్కడ కుర్చీ దొరికితే కలం దొరకదు, రెండూ దొరికితే ఎవరో ఒకరు పిలుస్తారు. దగ్గు తగ్గింది. మా నర్సులకిచ్చింది రేకుల షెడ్డు. మధ్యాహ్నం లోపలికి అడుగు పెడితే పెనం మీద నిలబడినట్టు ఉంటుంది. తిండికి లోటు లేదు, తినబుద్ధే కాదు.

సరిహద్దు గేటు నుంచి రోజుకి ఐదారు వందల మంది వస్తున్నారు. గుడారాలు చాలక ఒక్కోదాంట్లో రెండేసి కుటుంబాల్ని సర్దుతున్నారు. నాకు పసిపిల్లల బల్ల అప్పజెప్పారు. ఎంత బక్కచిక్కిందో కొలవడానికి పిల్ల జబ్బకి రంగుల టేపు చుడతాను. పచ్చ దగ్గర ఆగితే బెంగ లేదు. పసుపైతే వచ్చే వారం తీసుకురమ్మంటాను. ఎరుపైతే వారానికి సరిపడా పల్లీ ముద్ద ప్యాకెట్లిచ్చి, పిల్ల బొటనవేలి గోటికి సిరా పూస్తాను, ఓట్ల రోజు మనకి పూసినట్టే. సిరా ఉన్న పిల్లకి ఆ వారం మళ్లీ ఇవ్వకూడదు. ప్యాకెట్ల లారీ సగమే నిండి వస్తోంది మరి.

పాపం వాళ్లని అనడానికి నోరు రాదు గానీ, ఎన్ని నాటకాలనుకున్నావు! పక్క గుడారంలోంచి బక్క పిల్లని అరువు తెచ్చుకునేవాళ్లు కొందరు. సిరా పోవాలని పసిగోళ్లని ఇసకతో తోమేవాళ్లు కొందరు. నా దగ్గర మాత్రం వాళ్ల పప్పులు ఉడకవని క్యాంపంతా పేరొచ్చింది. చిన్నప్పుడు నువ్వు చక్కెర దొంగిలిస్తే పట్టుకున్న కళ్లు కదా ఇవి!

మొన్న మంగళవారం ఒకావిడ వచ్చింది. చెవి తమ్మె తెగి ఉంటుంది, మర్చిపోయే మనిషి కాదు. సోమవారమే ఆవిడ పిల్లకి నా చేత్తో ప్యాకెట్లిచ్చాను. తెల్లారేసరికి అదే పిల్లని చంకనేసుకుని మళ్లీ వరసలో నిలబడింది.

"మళ్లీ తెచ్చావేంటమ్మా?" అన్నాను.

"ఇది వేరే పిల్ల, సిస్టరమ్మా. కవలలు. నిన్న పెద్దదాన్ని తెచ్చా, ఇద్దర్నీ ఒక్కసారి మొయ్యలేక."

"ఈ క్యాంపులో అందరికీ కవలలేనమ్మా! గేటు దగ్గర రాసిచ్చిన మీ కార్డులో ఒకే పిల్ల ఉంది. మరి ఈ గోటి మీద సిరా ఎక్కడిది?"

ఆవిడ పిల్ల గోటికేసి చూసింది, నా మొహంలోకి చూసింది. వరసలో వెనకాల ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాపుకోలేకపోయాను. తల దించుకుని వెళ్లిపోయింది. ఇది బావకి చదివి వినిపించు, మరదలి తెలివికి మురిసిపోతాడు.

పిల్లలకి నా ముద్దులు.

నీ పొట్టి


అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బావకి వినిపించకు.

శనివారం పొద్దున, గుడారాలు తిరిగి జబ్బుపడ్డవాళ్ల పేర్లు రాసుకునే ఆవిడ వచ్చి, కంచె పక్క గుడారంలో పసిపిల్ల పోయిందని చెప్పింది. చావు కాగితం మీద డాక్టరుగానీ నర్సుగానీ సంతకం పెట్టాలి. డాక్టరు గారు గేటు దగ్గర ఉన్నారు. నేనే వెళ్లాను.

లోపల చెవి తమ్మె తెగిన ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో పిల్ల. ఎదురుగా చాప మీద ఇంకో పిల్ల. ఒకే మొహం, అక్కా. ఒకే ముక్కు, ఒకే పల్చటి జుట్టు. ఒళ్లోది కళ్లు తెరిచి ఉంది. రెండూ ఆడపిల్లలే. ఏడాది నిండలేదట.

నన్నావిడ గుర్తుపట్టలేదు. బల్ల దగ్గర మేమంతా మూతికి గుడ్డ, నెత్తిన టోపీ పెట్టుకుంటాం, ఎవరెవరో తెలీదు. నా గొంతు నాకే వినపడనంత మెల్లిగా, కార్డులో ఒక్కరే ఎందుకున్నారని అడిగాను. గేటు దగ్గర ఇద్దర్నీ ఒకే దుప్పట్లో చుట్టి తెచ్చిందట. గుమాస్తా చూసిన తల ఒక్కటే రాశాడట. సిరా సంగతి నేను అడగలేదు. తనే చెప్పింది, భర్త నీళ్ల బిందెతో బయటికి వెళ్లేదాకా ఆగి.

"సిరా ఉన్న పిల్లకే ప్యాకెట్లిస్తారనుకున్నా సిస్టరమ్మా. సోమవారం ఇంటికొచ్చేసరికి పెద్దదాని గోరు ఇంకా తడిగానే ఉంది. దాన్ని చిన్నదాని గోటికి అద్దా. రేపు దీనికీ ఇస్తారు కదా అని. నా చేత్తోనే దాని నోటికాడ కూడు తీసేశా. మా ఆయనకి చెప్పకండి."

తెచ్చిన ఒక పిల్ల ప్యాకెట్లే ఇద్దరికీ చెరి సగం పెట్టిందట. చిన్నదానికి గురువారం విరేచనాలు పట్టుకున్నాయి. కాగితంలో విరేచనాలనే రాశాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

మంగళవారం నేను టేపు కూడా చుట్టలేదు, అక్కా. ఆ ఒక్కటీ నన్ను తినేస్తోంది. చుట్టి ఉంటే పెద్దదానికన్నా చిన్నది ఇంకా సన్నమని టేపే చెప్పేది. సిరా చూశాను, కార్డు చూశాను, పిల్లని చూడలేదు. అడ్డమైన జోకు ఒకటి వేసి నవ్వాను.

డాక్టరు గారికి చెప్పాను. "ఇప్పుడు ఆవిడకి చెప్పి ఏం సాధిస్తావు? నీ గుండె బరువు దించుకోవడం తప్ప" అన్నారు. ఆయన మంచివాడే, మాట కూడా సబబే అయ్యుండొచ్చు. కానీ నేను చేసిన పాపాన్ని ఆవిడ తనదనుకుని మోస్తోంది. అది చూస్తూ ఎలా ఊరుకోను? గురువారం జీపులో వచ్చేస్తున్నాను. ఉద్యోగం మానేస్తానని కాగితం ఇచ్చేశాను. నాకు పక్క వెయ్యి. ఏమీ అడక్కు. వచ్చేలోపు ఆవిడకి చెప్పాలో వద్దో తేల్చుకోవాలి.

పొట్టి


అక్కా,

గురువారం నా కోసం బస్టాండుకి వెళ్లావని బావ ఫోనులో కేకలేశాడు. తప్పు నాదే. వినాల్సింది విను.

బుధవారం వెళ్లి చెప్పాను. ఆవిడ గుడారం బయట గుడ్డలు పిండుతోంది. ఆ రోజు బల్ల దగ్గరున్నది నేనేనని, సిరా వల్ల కాదు, నేను టేపు చుట్టకపోవడం వల్లే చిన్నది పోయిందని చెప్పాను. తడి గుడ్డ పట్టుకునే నా వైపు తిరిగింది.

"నవ్వింది మీరేనా?" అంది.

"నేనే."

జుట్టు పట్టుకుని ఈడుస్తుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. గుడ్డ దులిపి తాడు మీద ఆరేసింది. నాకేం చెయ్యాలో తోచక, రేపు వెళ్లిపోతున్నానని, కొత్త నర్సు వస్తుందని, చాలా మంచిదని వాగాను. అప్పుడు తలెత్తింది.

"ఎక్కడికెళ్తారు? ఇదింకా ఎరుపులోనే ఉంది. కొత్తావిడకి ఇదెవరో తెలీదు. లేవంటుంది, రేపు రమ్మంటుంది, కార్డు చూపించమంటుంది. మీరు అనలేరు. బతికున్నంత కాలం దీన్ని వెనక్కి పొమ్మనలేరు. మీ మొహం చూడాలని నాకేం లేదు. కానీ ఇది మీ బల్ల దగ్గరికే వస్తుంది."

క్షమించిందని మురిసిపోకు అక్కా. అలాంటిదేం లేదు. ఆవిడకి కావాల్సింది నేను కాదు, నా భయం. అది బాగా పనికొస్తుందని లెక్క కట్టుకుంది. నా కాగితం వెనక్కి తీసుకున్నాను.

ఇవాళ సోమవారం. పొద్దున్నే వచ్చింది. టేపు చుట్టాను. ఎరుపే, పోయిన వారంకన్నా లోపలికి. లారీ రాలేదు. వంతెన మీద ఆపేశారట, ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలీదు. గోదాములో ఒక్క ప్యాకెట్టు లేదు. పెట్టెలు చింపి అడుగులు కూడా చూశాను. మిగతావాళ్లందరికీ లేవని చెప్పి పంపించేశాను. ఆవిడకి మాత్రం లేవని చెప్పలేకపోయాను. "కాసేపు కూర్చోమ్మా" అన్నాను.

సాయంత్రమైంది. ఇది రాస్తుంటే బల్లకి అటువైపు ఇంకా కూర్చునే ఉంది, పిల్లని ఒళ్లో పెట్టుకుని, నన్నే చూస్తూ.

పొట్టి