నానమ్మని బయటికి తెచ్చిన చవక పట్టకారు

చిన్నీ, బాత్రూం తలుపు మూయొద్దు. నిండు బకెట్టు అడ్డం పెట్టాను, తీయకు. నానమ్మ పడుకుంది, లేపకు. ఆవిడకేం కాలేదు.

మధ్యాహ్నం ఆవిడ లోపలుండగా తలుపు లోపలి హ్యాండిల్ ఊడి ఆవిడ చేతికొచ్చింది. బయటిది ఊరికే తిరుగుతోంది. ఆవిడ కళ్లు తిరిగి పడిపోయినట్టే ఊహించుకున్నాను. "కోడలా, కంగారుపడకు, లోపలున్నది నేను కదా" అని ఆవిడే నాకు ధైర్యం చెప్పింది.

నీ ఖరీదైన మల్టీటూల్ బీరువాలో ఉంది, తాళం నీ దగ్గరుంది. "అది ఆటబొమ్మ, గట్టిగా తిప్పితే అదే విరుగుతుంది" అని నువ్వు నవ్విన నా చవకది మాత్రం, ఎప్పుడేం ముంచుకొస్తుందోనని భయపడి రోజూ మోస్తాను కదా, నా సంచిలోనే ఉంది. దాని స్క్రూడ్రైవర్‌తో హ్యాండిల్ రేకు మరలు నాలుగూ విప్పాను. మూడో మర దగ్గర మొన కాస్త వంగింది, విరగలేదు. దాని పట్టకారుతోనే లోపలి ఇనప ఊచ పట్టుకుని తిప్పగానే తలుపు తెరుచుకుంది. దాని కత్తి కాగితం కూడా కోయదు, ఒప్పుకుంటాను. కానీ రోజూ వెంట ఉంచుకోవడానికి అది చాలదని ఇక ఎవరూ నాతో అనొద్దు.

కొత్త హ్యాండిల్ కోసం కొట్టుకి వెళ్తున్నాను. నా చవకదాని లాంటిదే నీకూ ఒకటి తెస్తాను, మారు మాట్లాడకుండా బ్యాగులో వేసుకో.

మరిచాను. బయటికొచ్చాక నానమ్మ ఏమందో తెలుసా? "ఇన్నేళ్లకి నీ భయం పనికొచ్చింది కోడలా" అంది. ఈ మాట నాన్నకి నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మరు.