ఏటిసూతకంలో కొండ

నాందేడ్,
వైశాఖ బహుళం.

పూజ్యులైన అన్నయ్యకు చెల్లెలు శారద పాదాలంటి రాస్తున్నది. మీ మోకాళ్లు, వదిన బి.పి., మన ఖమ్మం వీధి కుక్కలు, అన్నీ నెమ్మదిగా ఉన్నాయని తలుస్తాను. మేం ముగ్గురం క్షేమమే. తింటున్నాం, పట్టినంత నిద్ర పడుతోంది. బెంగపడకండి.

రాఘవ పోయాక కోడలికీ మనవరాలికీ తోడుగా వానల్లో ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు ఎండలు. నల్లరాయి నేల పగలు తాగిన వేడినంతా సాయంత్రం మనకే అప్పజెబుతుంది. జొన్నరొట్టెకు నా పళ్లు అలవాటుపడ్డాయి, మిగిలినవి. బజారుకు వెళితే "టీచరమ్మా" అని పిలిచేవాళ్లు లేరు. ఆ లోటు ఇంత ఉంటుందనుకోలేదు.

మీరు ఫోనులో గద్దించిన సంగతికి వస్తాను. తండ్రి పోయి ఏడాది తిరగకుండా పిల్లను హిమాలయాలకు ఎలా పంపావన్నారు. ఏటిసూతకంలో మన ఇళ్లలో కొండ ఎక్కరని నాకు తెలియనిది కాదు. సంవత్సరీకం ఆషాఢంలో, కాలేజీవాళ్ల ప్రయాణం వైశాఖంలో. శ్రావణి చదివేది భూగర్భశాస్త్రం. ఆ కొండల్లో పనిచేసి రాకపోతే పట్టా లేదు. తండ్రి పోయినప్పుడు ఒకసారి పుస్తకాలు మూటగట్టి అటకెక్కించింది. రెండోసారి ఎక్కిస్తే మళ్లీ దించదు.

కోడలు పద్మది ధర్మాబాద్, మీకు తెలుసుగా. తను మీ పక్షమే.

"ఏడు తిరగకముందే గుట్ట ఎక్కుతదా అత్తమ్మా పిల్ల? నలుగురు ఏమంటరు? మీరన్న చెప్పుండ్రి."

చెప్పేముందు అసలు అక్కడ ఏముందో అడుగుదామనుకున్నాను. శ్రావణి మంచం మీది బొంతను రెండు చేతులతో గోడకేసి నెట్టింది. ముడత లేచి తన మీద తానే వాలింది.

"చూడు నాయనమ్మా, అడుగు గుడ్డ మీదికచ్చింది. రాళ్లు గూడ గంతే. భూమి లోపల వేడికి, ఒత్తిడికి రూపం మారిన రాళ్లు ఏటవాలు పగులు మీంచి జరిగి, తమకన్న కొత్త రాళ్ల మీద ఎక్కి కూసుంటయి. పొరలు వంగి బోర్ల పడ్తయి."

"బోర్లపడ్డాయని నీకు రాయి చెప్పిందా?"

"చెప్తది. ఇసుక నీళ్లల్ల పడ్డప్పుడు ముతకది అడుగుకు పోతది, మెత్తది మీద ఉంటది. రాయైనంక ముతకది మీద కనవడ్తే పొర తిరగబడ్డట్టే. మన నాందేడ్ రాళ్లు గట్ల గాదు. లావా ఒకదాని మీద ఒకటి పారి వరుసగ పేరుకున్నయి. పాతది కింద, కొత్తది మీద. గాడ పాతది మీద..."

నా ముఖం చూసి ఆగిపోయింది.

రూపాంతర శిలలని ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను అన్నయ్యా, ఒక్కదాన్నీ తాకలేదు. ఆ రోజు మాత్రం అర్థమైంది. డెబ్బై దాటిన నేను మిగిలాను, నా కొడుకు బూడిదై గోదావరిలో కలిశాడు. ఈ ఇంట్లో ఇంతకన్నా తలకిందులు ఇంకేం కావాలి, ఒక పిల్ల కొండ ఎక్కితే?

పంపాను. మిమ్మల్ని అడగలేదు, అడిగితే వద్దంటారని.

పద్మ నాతో మాటలు మానేసింది. పప్పుగిన్నె నా ముందు పెట్టే చప్పుడే మా సంభాషణ. ఇద్దరం ఒకే గదిలో రెండు ఊళ్లలో ఉన్నట్టుంటాం. పగలంతా తలుపులు వేసుకుని, ఎవరి ఏడుపు వాళ్లం ఏడవకుండా కూర్చుంటాం.

ఈ ఉదయం ఫోను వచ్చింది. పద్మే తీసింది, నాకు వినబడేలా పెట్టింది.

"ఎక్కినవా?"

"ఎక్కిన అమ్మా."

పద్మ వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది.

"మరి రాళ్లు? బోర్ల పడ్డయా?"

"పడ్డయి. ముతకది మీదనే ఉన్నది. చేత్తోని ముట్టిన."

"సరే. దిగేటప్పుడు జారుతది. కింద చూసుకుంట దిగు."

నాకివ్వకుండానే ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయింది. కాసేపటికి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. చప్పుడు కాలేదు.

ఈ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టకూడదట. శాస్త్రం అడ్డురాకపోతే వదినను ఒక చిన్న జాడీ పంపమనండి. మీ మోకాళ్లకు నువ్వులనూనె మానొద్దు. పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మేం బాగానే ఉన్నాం, మళ్లీ చెబుతున్నాను.

తిట్లన్నీ నాకు రాయండి, తీరిగ్గా చదువుకుంటాను. దీవెన మాత్రం ఈ ఉత్తరం అందగానే శ్రావణికి పంపండి. నేనిది రాస్తుండగా అది ఇంకా కొండ దిగలేదు.

మీ చెల్లెలు,
శారద