గుమ్మం దాకా

మార్చి 3, సోమవారం

కొత్త పేషెంటు. రెండు మోకాళ్ళూ మార్పించుకున్న పెద్దావిడ. పెయింటరట. గోడలకి రంగులేసే పెయింటర్ కాదు, పేపర్లో ఫోటో వచ్చే పెయింటర్. నాకేం తేడా లేదు. ఇన్నేళ్ళ ఫిజియోథెరపీలో నాకు మనుషులు మోకాళ్ళ దగ్గర మొదలై మోకాళ్ళ దగ్గరే అయిపోతారు.

తలుపు ఆవిడ చెల్లెలు తీసింది. అడుగు లోపల పెట్టబోతే కెవ్వుమంది. హాలంతా నేల మీద ఒకటే కాన్వాస్ పరిచి ఉంది. గోడ వార జానెడు ఖాళీ. అందులోంచే పక్కకి నడవాలట, పీతలాగా. బ్యాగు గుండెకి హత్తుకుని అలాగే నడిచాను.

నడుస్తూ కిందకి చూశాను. ఎదుటి గోడ దగ్గర్నుంచి సగం దాకా రంగులు. మిరపపండు ఎరుపు, దాన్ని ఒరుసుకుంటూ చిలకపచ్చ, ఆ వెంటనే వంగపండు రంగు. మిగతా సగం తెల్లగా ఖాళీ. ఏ రంగూ పక్కదానికి చోటిచ్చి తగ్గినట్టు లేదు. కాళ్ళు ఆగిపోయాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నోట్లో ఈగలు దూరతాయమ్మా, లోపలికి రా అంది చెల్లెలు.

మార్చి 5

మోకాళ్ళు సరిగ్గా వంగడం లేదు. మనిషైతే అసలే వంగదు.

మార్చి 10, సోమవారం

వ్యాయామం మధ్యలో పెద్దావిడ అడిగింది, నేల మీద ఎప్పుడు కూర్చుంటానని. ఇక కూర్చోకూడదండీ, డాక్టరుగారు చెప్పలేదా అన్నాను. నా కాళ్ళు నావా, ఆయనవా అంది. కాళ్ళు మీవే, మోకాళ్ళే కంపెనీవి అన్నాను. నవ్వుతుందనుకున్నాను. మొహం గోడవైపు తిప్పుకుంది.

తర్వాత వంటింట్లో టీ ఇస్తూ చెల్లెలు చెప్పింది. అక్క బొమ్మని నిలబెట్టి వెయ్యదట. నేల మీద పరిచి, ఎదుటి గోడ దగ్గర చతికిలబడి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా వస్తుందట. గుమ్మం దగ్గర నేల కనపడకుండా రంగు పడితే బొమ్మ అయినట్టు. అంతవరకు లేచి చూడదు. వేసినదాని మీద మళ్ళీ చెయ్యి పెట్టదు. రంగులు కలపదు, డబ్బాలో ఎలా ఉంటే అలాగే. చిన్నప్పుడు ఇద్దరూ అద్దకం ఫ్యాక్టరీలో నూలు సర్దేవాళ్ళట. ఈ రెండు రంగులూ కలవవు అని మేస్త్రీ పారేసిన నూలు ముక్కల్ని జతలు జతలుగా అక్క ఇంటికి మోసుకొచ్చేదట. పేపర్లవాళ్ళు సాహసం అని రాస్తారు, మొండితనం అని రాయడానికి మొహమాటం కాబోలు అంది.

ఈ బొమ్మ సగంలో ఉండగా మోకాళ్ళు పట్టేసి పడిపోయింది. అప్పట్నుంచీ కాన్వాస్ ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఇది గుమ్మం దాకా రాకపోతే ఇంకోటి మొదలుపెట్టదమ్మా, అక్క బొమ్మలు ఇక్కడితో సరి అంది చెల్లెలు. చెబుతూ కడిగిన గ్లాసే కడిగింది.

మార్చి 14, శుక్రవారం

గ్యాలరీ ఆయన వచ్చాడు. తేనెలో ముంచిన మాటలు. మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి, మా స్టూడెంట్లు నింపుతారు, మూడో కంటికి తెలియదు అన్నాడు. నాకు ఆకలేస్తే వాళ్ళు అన్నం తింటారా అంది పెద్దావిడ. పోనీ సగంలోనే బాగుంది, ఇలాగే ఎగ్జిబిషన్‌లో పెడదాం, మోడర్న్‌గా ఉంటుంది అన్నాడు. ఆవిడ చేతికర్ర ఎత్తింది. అంత కంగారులోనూ గోడ వారగానే పారిపోయాడు, అదొక్కటీ మెచ్చుకోవాలి.

మార్చి 17

గోడకి చిన్న కాన్వాస్ కొట్టించి, నిలబడి వెయ్యమన్నాను. ఐడియా నాదే. బ్రష్షు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఇలా అయితే దాన్ని పలకరిస్తున్నట్టుంది అమ్మాయ్, దాంట్లో ఉన్నట్టు లేదు అంది. బ్రష్షు కడిగేసుకుంది.

ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. ఆయన తప్పేం లేదు. ఇల్లంతా క్రీమ్ కలర్ వేయించాడు, అంతే.

మార్చి 21, శుక్రవారం, ఉదయం 11

బస్సులో రాస్తున్నాను. ఇంటికెళ్ళేదాకా ఆగలేను.

మోకాలు పూర్తిగా చాపడానికి బోర్లా పడుకోబెట్టే వ్యాయామం ఒకటుంది. పాదాలు మంచం బయట వేలాడితే మోకాళ్ళు వాటంతటవే సాగుతాయి. అలా పడుకోబెట్టి తువ్వాలు కోసం వెళ్ళాను. వచ్చేసరికి ఆవిడ ముందుకి పాకేసింది. తల, భుజాలు మంచం దాటిపోయాయి. గ్లాసులో వేలు ముంచుకుని నీళ్ళతో నేల మీద గీస్తోంది. ఒక గీత ఆరేలోపు పక్కన ఇంకోటి. పిలిచాను. పలకలేదు. జుట్టు నేలకి తగులుతోంది, అదీ తెలియదు. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను.

మంచం ఎత్తు తగ్గించి చక్రాలు పెడితే? కాళ్ళు చాపే ఉంటాయి. వెనక్కి మనం లాగొచ్చు.

మార్చి 22

డాక్టరుగారికి ఫోన్ చేశాను. బోర్లా ఎంతసేపైనా మంచిదే, మధ్యమధ్యలో లేపి నడిపించండి అన్నారు. ఎగిరి గంతేశాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

మార్చి 28, శుక్రవారం

వడ్రంగి హాల్లోనే, ఖాళీ సగం మీద దుప్పట్లు పరుచుకుని మంచం బిగించాడు. ఆవిడ చెయ్యి ఎంత దూరం అందుతుందో కొలిచాం. భుజాలు కొలిచాం. లాగడానికి చెల్లెలి నడుము ఎత్తు కొలిచాం. రంగు డబ్బాలకి రెండు పక్కలా బల్లలు కావాలంది పెద్దావిడ, అవీ బిగించాం. ఎటంటే అటు తిరిగే చక్రాలు. ఇంతకీ ఇదేమిటండీ అన్నాడు వడ్రంగి. మా అక్కకి కారు అంది చెల్లెలు.

ఏప్రిల్ 2, బుధవారం

మొదలుపెట్టింది.

ముందు నారింజ. డబ్బా వంచి నేరుగా పోసి, అరచేత్తో నెట్టింది. ఆరిన ఎరుపుని సరిగ్గా ముట్టుకునే చోట ఆపింది. తర్వాత దాని పక్కన నీలం. ఆ నీలం పడగానే అప్పటిదాకా ఊరికే ఉన్న నారింజ ఒక్కసారి వెలిగింది. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నా కళ్ళతో చూశాను. ఎలాగండీ అన్నాను. ఒంటరిగా ఉంటే ఏ రంగూ తనేమిటో చెప్పదు అంది. వెనక్కి లాగవే అని చెల్లెల్ని కసిరింది.

వ్యాయామం సంగతి ముగ్గురం మర్చిపోయాం. చేసిందంతా వ్యాయామమే అని సర్దిచెప్పుకున్నాను.

ఏప్రిల్ 4

ఈరోజు పసుపు. ఇంకేం రాయలేను.

ఏప్రిల్ 11, శుక్రవారం

గుమ్మం కొలవలేదు.

భుజాలు కొలిచినవాళ్ళం, చెయ్యి కొలిచినవాళ్ళం, తలుపు ఎంత వెడల్పుందో చూడలేదు. మంచం వెనక్కి వచ్చి వచ్చి గుమ్మంలో పట్టలేదు, అడ్డంగా తిప్పితే గుమ్మానికి ఆనుకుని ఇరుక్కుంది. దాని కింద మూరెడు కాన్వాస్ తెల్లగా మిగిలిపోయింది. ఆవిడని లేపి, మంచాన్ని నిలువుగా తిప్పి వాకిట్లోకి మోశాం. ముగ్గురం గడప బయట నిలబడ్డాం. మా ముందు బొమ్మ, ఇటువైపు ఇంకా పచ్చిగా, మెరుస్తోంది. ఆవిడ చూడలేదు. కళ్ళు ఆ తెల్ల ముక్క మీదే ఉన్నాయి.

ఏ రంగో చెప్పక్కా, నేను పూస్తాను అంది చెల్లెలు. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. కర్రతో అందుకోబోయింది, కుదరక కర్ర కింద పెట్టేసింది. ఆ మొహం చూడలేకపోయాను. ఆపరేషన్ అయిన మర్నాడు కూడా అంత ముసలిగా లేదు.

మంచం మీంచి పరుపు తీసి మడిచి గడప మీద వేశాను. నా మెడ పట్టుకోండి అన్నాను. డాక్టరు అంది. డాక్టరు ఇక్కడ లేడు అన్నాను. ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది. బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. కంపెనీ మోకాళ్ళు వంగాయి. నేనే వంచాను.

గులాబీ రంగు అడిగింది. ముదురు గులాబీ. ఈ చివర మళ్ళీ పడిన నారింజతో అది కొట్టుకు చస్తుందనుకున్నాను. నడుము పట్టుకుని నేనూ ఆవిడ పక్కనే మోకరిల్లాను, నా తల ఆవిడ తల ఎత్తులోకి వచ్చింది. అక్కణ్ణుంచి చూస్తే బొమ్మే లేదు. రంగు. ఎదుటి గోడ దాకా రంగే, మీదికొచ్చేంత రంగు. ఈవిడ ఇన్నేళ్ళూ కూర్చున్నది ఇందులోనా! ఏడుపొచ్చింది. లోకంలో ఇంతుందా అనిపించింది.

ఏప్రిల్ 12

కుడి మోకాలు వాచింది. ఐసు పెట్టాను. డాక్టరుగారు నన్ను తిట్టిన తిట్లు ఈ పేజీలో పట్టవు. పేషెంటు మాత్రం పడుకుని ఈల వేస్తోంది.

మే 6, మంగళవారం

వాపు ఎప్పుడో పోయింది. మెట్లు ఎక్కుతోంది, దిగుతోంది. నా పని అయిపోయింది.

బొమ్మని నలుగురు పట్టుకుని గోడకి ఆనించారు. గ్యాలరీ ఆయన ఖాళీ నేల మీద కూడా గోడ వారగానే నడిచొచ్చాడు. పెద్దావిడ దాన్ని నిలువునా చూడటం ఇదే మొదలు. చాలాసేపు చూసి ఒక మూల చూపించి, అక్కడ భయపడ్డాను అంది. ఎంత వెతికినా మాకు కనపడలేదు.

వచ్చేముందు మళ్ళీ చెప్పాను, నేల మీద మాత్రం కూర్చోవద్దని. తల ఊపింది. అంత బుద్ధిగా ఊపడం ఎప్పుడూ చూడలేదు.

మే 19

చెల్లెలు ఫోన్ చేసింది. కొత్త కాన్వాస్ పరిచారట. పొద్దున్నే ఎదుటి గోడ దగ్గర మొదలుపెట్టేసిందట. చక్రాల మంచం వాకిట్లో ఉందట, దాని మీద బట్టలు ఆరేశారట.

ఎలా కూర్చుందో చెల్లెలు చెప్పలేదు. నేను అడగలేదు.