పగడపు తొట్టిలో మంచినీళ్ళు

3 మార్చి 1974, ఆదివారం

నెల రోజులకి ఒక్క మిల్లీమీటరు. లాబ్ నుంచి తెచ్చిన వెర్నియర్‌తో మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అదే.

జనవరి టూర్‌లో మండపం సముద్రం నుంచి క్యాన్‌లో పెట్టి, రైల్లో నిద్ర మాని తెచ్చుకున్న పగడం ఇది. తొమ్మిది కొమ్మలు. జూన్ మొదటి వారంలోపు బాగా పెంచి కొలతలు పంపితేనే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అని వాల్తేరు గైడుగారు రాశారు. ఈ ఏడు దాటితే మా కాలేజీ లీవివ్వదు. ఇదేమో నత్తనడక.

9 మార్చి

ఇంకో ట్యూబ్‌లైటు పెట్టించాను. పొగ తగులుతోందేమోనని కిరసనాయిలు స్టవ్ పెరట్లోకి మార్పించాను. వంట చేసేది అత్తయ్య. ఎండలోనే వండుతోంది.

బందరు బస్సు కండక్టరు జక్కయ్య వారానికి రెండు క్యాన్లు సముద్రపు నీళ్ళు తెచ్చి గవర్నర్‌పేటలో దించుతున్నాడు. తొట్టిలో నీరు తగ్గినప్పుడల్లా అవే పోస్తున్నాను. సముద్రపు జీవికి సముద్రపు నీళ్ళు. ఇంతకంటే ఏం చెయ్యను?

16 మార్చి, ఉదయం

కారణం దొరికింది. ఇంట్లోనే ఉంది!

తెల్లవారుజామున ప్రార్థన అయ్యాక అత్తయ్య కుండలోని మంచినీళ్ళు చెంబుతో తొట్టిలో పోస్తూ నా కంటపడింది. పగడం వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఓ చెంబెడు పోస్తోందట. పులుసు మరిగితే ఉప్పెక్కదా అమ్మాయ్, అప్పుడు నీళ్ళేగా పోస్తాం, ఇంకాస్త ఉప్పేస్తామా అని నాకే పాఠం చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కలిసి కాలేజీకి వెళదామని తోటి లెక్చరరు సంపూర్ణమ్మ అప్పుడే వచ్చింది. ఆవిడ ముందే అనేశాను, ఇది చేలో కలుపు తీయడం కాదు, చదువుకున్నవాళ్ళు చేసే పని అని. అత్తయ్య చెంబు బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

16 మార్చి, సాయంత్రం

అత్తయ్య ఉయ్యూరు బస్సెక్కి ఊరికి వెళ్ళిపోయింది. మినుముల పనుందని చెప్పిందట. మా ఆయన బాలశౌరి నన్ను తిట్టినా బాగుండేది.

30 మార్చి

మంచినీటి బొట్టు పడనివ్వలేదు. పెరుగుదల సున్నా.

12 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

రెండు కొమ్మలు తెల్లబడ్డాయి. పండక్కి రానని అత్తయ్య కబురు చేసింది.

20 ఏప్రిల్

పక్క వాటాలో ఉండే ఏసుపాదం పాలకేంద్రంలో పాలు పరీక్ష చేస్తాడు. పగడం చూడ్డానికి వచ్చి, సంచిలోంచి చిక్కదనం కొలిచే లాక్టోమీటర్ తీసి సరదాకి తొట్టిలో వదిలాడు. ముప్ఫై నాలుగు. జక్కయ్య నిన్న తెచ్చిన సముద్రపు నీళ్ళల్లో వదిలాడు. ఇరవై మూడు. ఇంత చిక్కటి సరుకు మా కేంద్రానికి ఒక్కరూ పొయ్యరండీ మేడంగారూ అని నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆ రెండు అంకెలూ మళ్ళీ చూశాను.

ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోదు. దాని మీద నేను మళ్ళీ ఉప్పునీళ్ళే పోశాను. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు! ఆ ఒక్క మిల్లీమీటరైనా పెరిగిందంటే అత్తయ్య చెంబు పుణ్యమే.

21 ఏప్రిల్

ఊరికి వెళ్ళాను. అత్తయ్య అరుగు మీద మినుములు చెరుగుతోంది. నేను నోరు తెరిచేలోపే, ఆ జీవి బతికే ఉందా అమ్మాయ్ అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

తప్పయిపోయింది అత్తయ్యా అన్నాను. ఇరుగుపొరుగంతా వింటుండగానే అన్నాను. నలుగురిలో తిట్టి చాటుగా క్షమాపణ చెప్పడం న్యాయం కాదు కదా. ఆవిడ చేట పక్కన పెట్టింది. నీళ్ళు ఒక్కసారే కుమ్మరించకు, ఉప్పుకి అలవాటుపడ్డ పాణం, రోజూ కాసిని కాసిని పొయ్యి అంది. తర్వాత అన్నం పెట్టింది. సాయంత్రం నాతోపాటే బస్సెక్కింది.

దేవుడికి స్తోత్రం. ఈ మనిషి నాకు అత్తగారైనందుకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ స్తోత్రం చెప్పుకోలేదు.

2 జూన్

లాక్టోమీటర్ ఇరవై మూడుకి దిగింది. మే నెలలో రెండు మిల్లీమీటర్లు! తెల్లబడ్డవి రెండూ పోయాయి, మిగతా ఏడూ నిలిచాయి. స్టవ్ వంటింట్లోకి తెచ్చేశాను.

వాల్తేరుకి కొలతలు పంపాలి. చెడిపోయిన ఆ ఐదు వారాలూ చూపించకు, రిజిస్ట్రేషన్ పోతుంది అని సంపూర్ణమ్మ సలహా. రెండు రోజులు ఊగిసలాడాను. చివరికి అంతా రాశాను. తప్పు నాదని, దిద్దినవారు శ్రీమతి శౌరమ్మగారని అత్తయ్య పేరూ పెట్టాను. పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

29 జూన్

రిజిస్ట్రేషన్ ఇచ్చారు. ఆ ఐదు వారాల మీదే పని చెయ్యమన్నారు. శ్రీమతి శౌరమ్మగారు ఏ కాలేజీలో ఉన్నారని అడిగారు.

మా అత్తగారండీ, ఇంట్లోనే ఉంటారు, ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నాను అని జవాబు రాశాను.