తడి నేల చూపించే కార్డు

జూన్, ఆదివారం రాత్రి

కంప్యూటర్లో ఆటల కోసం చూస్తున్న రెండు గ్రాఫిక్స్ కార్డులదీ దాదాపు ఒకే ధర. ఒకదానికి మెమరీ ఎక్కువ, రెండోది వెలుగునీడల్ని బాగా చూపిస్తుంది. వారంగా తేల్చుకోలేకపోతున్నాను. ఇవాళ రెండింటి మీదా ఒకే ఆట నడిచే వీడియో చూస్తుంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆటలో వాన వెలిసి ఎండ కాసింది.

మా వజ్రకరూరులో తొలకరి పడగానే వజ్రం మెరుపు కోసం చేలల్లో తల వంచుకుని తిరిగే మనిషి ఆయన. తెర మీదికి అలాగే వంగి రెండోదాన్ని చూపించాడు.

"ఇదే తీస్కోప్పా. దీంట్లో నేల తడిసినట్లుండాది. దాంట్లో నూనె పూసినట్లుండాది."

అదే ఆర్డరు పెట్టాను. మెమరీ చాలకపోతే అన్న అనుమానం మాత్రం పోలేదు.

"వచ్చినాక నన్ను పిలువు. ఈ తూరి ఈడ చినుకే లేదు, ఆడన్నా ఎతుకుతా" అన్నాడు నాయన, తెర వైపు చూపిస్తూ.

కళ్లు మూసుకుంటే ఆ ఆటలోని తడి చేలో నాయన నడుస్తున్నాడు, తల వంచుకుని...