గోడ మీద మూడు దెబ్బలు

మార్చి 4, తెల్లవారుజాము
అమ్మ మళ్ళీ గోడ కొట్టింది. మూడు దెబ్బలు. బాబాయిని లేపుతున్నానంటుంది. పక్క ఫ్లాట్ వాళ్ళకి సారీ చెప్పలేక చస్తున్నాను.

మార్చి 4, మధ్యాహ్నం
యుద్ధం రోజుల్లో మా మిల్లు సైరన్ షిఫ్టుకి మోగేది కాదు. బాంబుల విమానాలొస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదని ఆర్డర్. అందుకని మా కార్మికుల ఇళ్ళ లైన్లో ఇంటికి ఇల్లే అలారం. లేచినవాళ్ళు పక్కింటి గోడ కొట్టాలి, వాళ్ళు ఆ పక్కింటిది.

మా గోడ అవతల పిన్ని, బాబాయి. చుట్టరికం లేదు, పిలుపే. బాబాయిని లైనంతా కుంభకర్ణుడనేది. నాన్న పిడికిలి పడితేగానీ ఆ ఇల్లు లేచేది కాదు.

ఓ రోజు కుళాయి దగ్గర బకెట్ల వరసలో అమ్మకీ పిన్నికీ మాటామాటా పెరిగింది. ఇక ఆ గోడ మీద చెయ్యి వెయ్యనని అమ్మ నాన్న చేత ఒట్టేయించుకుంది. మర్నాడు బాబాయి లేవలేదు. ఆలస్యమైందని మిల్లు గేటు మూసేశారు. పని పోయింది. సైన్యంలో చేరాడు. తిరిగి రాలేదు.

పిన్ని ఒక్క మాట అనకుండా ఇల్లు ఖాళీ చేసింది. నా పంతమే ఆ మనిషిని మింగేసిందని అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది.

మార్చి 9
పిన్ని అడ్రస్ దొరికింది. అమ్మ పోయేలోపు, క్షమించానని ఆమె నోట ఒక్క మాట. అంతకన్నా ఏమీ వద్దు.

మార్చి 11
పిన్నిని చూసొచ్చాను. గొంతు అదే, మనిషి సగమైంది. అమ్మ మాట ఎత్తగానే నా చెయ్యి పట్టుకుని బావురుమంది. ఆ రోజు గోడ చప్పుడైందట. మెల్లగా, దొంగచాటుగా. మీ నాన్నే కొట్టాడే, నేను విన్నాను, మీ బాబాయికి ఒళ్ళు కాలిపోతోంది, ఒక్క పూట పడుకోనీలే అనుకున్నాను అంది. పని పోతుందని కలలో కూడా అనుకోలేదట. తర్వాత చెప్పే ధైర్యం చాల్లేదు, మీ అమ్మ మీద కోపమూ చావలేదు అంది.

నాకు కోపం రావాలి. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

మార్చి 11, సాయంత్రం
అమ్మకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను, పిచ్చిదాన్ని. గోడకేసి చూసింది. మరి మీ నాన్న నాకెందుకు చెప్పలేదే అని అడిగింది. ఒట్టు తప్పానని చెప్పడానికి అంత జంకా, ఇన్నేళ్ళూ నేను ఏడుస్తుంటే పక్కనే కూర్చుని ఎలా చూశాడే అంది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది.

మార్చి 12, తెల్లవారుజాము
గోడ చప్పుడు లేదు. హడలిపోయి వెళ్ళి చూశాను. అమ్మ మేలుకునే ఉంది. నాన్న ఫొటోని గోడవైపు తిప్పేసింది.