మూడో పేజీలో నేను

మంగళవారం రాత్రి

మనవరాలు రూత్ పుస్తకం రాస్తోంది. కథలు కావు, అంతా జరిగిందే. మా కిష్టారెడ్డిపేట నీళ్ల కష్టాల గురించి. రేపు అచ్చుకు పంపుతానంటూ ఈ సాయంత్రం నాకు చూపించింది. మూడో పేజీలో నేనున్నాను. ఆలస్యంగా వచ్చిన ట్యాంకర్ డ్రైవర్‌ని గేటు దగ్గర "గాడిదా" అని తిడుతున్నాను!

"తీసెయ్. చర్చికొచ్చే ఆ చాడీల మేరమ్మ చదివితే నా ఇజ్జత్ ఏం గావాలె? పిల్లలకు మర్యాద నేర్పిన టీచర్ని."

"ఉన్నది ఉన్నట్టు రాయాలె అని చెవి మెలిపెట్టి నేర్పింది నువ్వే గద నానమ్మా! అన్నవా, అనలేదా?"

"గాడిద అని అనలేదు."

"నిజంగా?"

"నేనెన్నడన్న అబద్ధం ఆడిన్నానే?"

పాపం, నమ్మి ఆ వాక్యం కొట్టేయబోయింది. అక్కడితో ఊరుకుంటే నా పరువు దక్కేది. కానీ తప్పు రాత కళ్లముందుంటే నా చెయ్యి ఆగదు. ఎర్ర పెన్ను తీసుకుని, "గాడిద" ముందు "అడ్డ" చేర్చాను.

రూత్ పడీపడీ నవ్వింది. "ఇగ ఇది పక్కా, నానమ్మా!"

ప్రభువు క్షమిస్తాడు. మేరమ్మ మాత్రం...